గీదం సాలవనాల్లో సైకిల్ దారులు: ఈ నిశ్శబ్దం నిలిచేనా?

గీదం (ఛత్తీస్‌గఢ్): దక్షిణ బస్తర్‌లోని గీదం పట్టణం నుంచి నాలుగు దిక్కులకు నాలుగు దారులు చీలుతాయి. తూర్పు దారి జగదల్‌పూర్‌కు, పడమటి దారి బీజాపూర్ మీదుగా తెలంగాణ వైపుకు, దక్షిణపు దారి దంతెవాడ, బైలాడిలా ఇనుప గనులకు వెళతాయి. ఈ మూడింటి మీద లారీల రద్దీ ఎక్కువ. ఉత్తరాన ఇంద్రావతి నది వైపు, ప్రాచీన బార్సూర్‌కు సాగే నాలుగో దారి మాత్రం సన్ననిది. పొలాలు, చెరువులు, పల్లెలు, చెట్ల నీడలు దాటుతూ సుమారు 20 కిలోమీటర్లు నడుస్తుంది. దాని నుంచి ఇరువైపులా చీలే పల్లె రోడ్ల మీద సైకిల్ గంట శబ్దం దూరం నుంచే వినిపిస్తుంది.

రోడ్డు మీద సైకిల్ తొక్కడాన్ని వ్యాయామంగా, యాత్రగా స్వీకరించినవారు దేశంలో పెరుగుతున్నారు. హైదరాబాద్, విశాఖపట్నం వంటి నగరాల్లో తెల్లవారుజామునే బయలుదేరే సైకిల్ బృందాలు ఇప్పుడు కొత్తకాదు. వారు కోరుకునేవి మూడే: నునుపైన సన్నని రోడ్డు, తక్కువ వాహనాలు, తలపై నీడ. ఈ మూడూ ఒకేచోట దొరికే ప్రాంతాలు తగ్గిపోతున్న వేళ, గీదం పరిసరాల్లో అవి ఇంకా మిగిలి ఉన్నాయి. అవి ఎలా మిగిలాయి, ఎంతకాలం మిగులుతాయి అన్నది ఒక్క సైకిల్ యాత్రికులకు సంబంధించిన ప్రశ్న కాదు. అడవి వయసు, రోడ్డు వెడల్పు, ప్రాంత శాంతి అనే మూడు విషయాలు అందులో కలిసి ఉన్నాయి.

తెలుగు నేల నుంచి రెండు మార్గాలు

గీదం తెలుగువారికి అనుకున్నంత దూరం కాదు. 63వ నంబరు జాతీయ రహదారి నిజామాబాద్, జగిత్యాల, మంచిర్యాల మీదుగా సాగి, గోదావరిని, ప్రాణహితను, ఇంద్రావతిని వరుసగా దాటుతుంది. మహారాష్ట్రలోని సిరొంచ, ఛత్తీస్‌గఢ్‌లోని భోపాల్‌పట్నం, బీజాపూర్, భైరంగఢ్ దాటాక గీదం చేరి, అక్కడి నుంచి జగదల్‌పూర్‌కు వెళుతుంది.

రెండోది రైలు మార్గం. బైలాడిలా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చేందుకు 1960వ దశకంలో జపాన్ సహకారంతో నిర్మించిన కొత్తవలస–కిరండూల్ లైను సుమారు 445 కిలోమీటర్ల పొడవున తూర్పు కనుమలను చీల్చుకుంటూ సాగుతుంది. అరకు, కోరాపుట్, జగదల్‌పూర్ దాటిన తరువాత ఈ మార్గంలోనే గీదం స్టేషన్ వస్తుంది. దాని తరువాతివి దంతెవాడ, భాంసీ, బచేలీ, కిరండూల్. విశాఖ నుంచి కిరండూల్ వెళ్లే ప్రయాణికుల రైలులో సైకిల్‌ను సామానుగా బుక్ చేసుకొని తీసుకువెళ్లే వీలుంటుంది. అయితే భద్రతా కారణాల వల్లనో, వర్షాకాలంలో కొండచరియలు విరిగిపడటం వల్లనో రైలును మధ్యలోనే నిలిపివేసే సందర్భాలు ఉంటాయి కనుక బయలుదేరే ముందు విచారించుకోవడం అవసరం.

జగదల్‌పూర్ సముద్రమట్టానికి సుమారు 550 మీటర్ల ఎత్తున పీఠభూమి మీద ఉంది. గీదం అంతకంటే దిగువన ఉంటుంది. జగదల్‌పూర్ నుంచి తోకాపాల్, కోడెనార్, కిలేపాల్ మీదుగా వచ్చే సుమారు 75 కిలోమీటర్ల దారి బస్తానార్ ఘాట్ వద్ద మలుపులు తిరుగుతూ కిందికి దిగుతుంది. పటంలో అందంగా కనిపించే ఈ ఘాట్‌ను సైకిల్ యాత్రికులు జాగ్రత్తగా అంచనా వేసుకోవాలి. ఖనిజం మోసే బరువు లారీలు ఇదే దారిన నడుస్తాయి. అందువల్ల గీదం వరకు రైలులోనో బస్సులోనో చేరి, అక్కడి నుంచి పల్లె రోడ్లు పట్టడమే సురక్షితం.

పల్లె రోడ్డు సైకిల్‌కు ఎందుకు అనువైనది

2000 డిసెంబరు 25న మొదలైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన దేశంలోని పల్లె దారుల స్వరూపాన్ని మార్చింది. ఈ పథకం కింద వేసే తారు రోడ్డు వెడల్పు సాధారణంగా 3.75 మీటర్లు. వాహనాలు మరీ తక్కువగా తిరిగేచోట 3 మీటర్లే. రెండు వరుసల రహదారికి అవసరమైన 7 మీటర్లతో పోలిస్తే ఇది సగమే. ఎదురెదురుగా వచ్చే రెండు వాహనాల్లో ఒకటి పక్కకు దిగితే తప్ప రెండోది ముందుకు పోలేదు. కనుక వేగం దానంతట అదే తగ్గుతుంది. వేగాన్ని అదుపు చేయడానికి అక్కడ బోర్డులు, పోలీసులు అవసరం లేదు. రోడ్డు వెడల్పే ఆ పని చేస్తుంది.

రోడ్డు ఇరుకైతే చెట్లు దగ్గరగా నిలుస్తాయి. రెండు పక్కల కొమ్మలు పైన కలుసుకుంటే తారు మీద ఎండ పడదు. సైకిల్ తొక్కేవారికి ఈ నీడ విలాసం కాదు. మనిషి కండరాలు ఖర్చు చేసే శక్తిలో దాదాపు నాలుగో వంతే చక్రాన్ని తిప్పుతుంది, మిగిలినది వేడిగా మారుతుంది. ఆ వేడిని చెమట ద్వారా వదిలించుకోవాలి. ఎండకు కాగిన తారు కింద నుంచి, సూర్యుడు పై నుంచి వేడిని పంపితే శరీరం త్వరగా అలసిపోతుంది. ఆకుల గుండా నీటి ఆవిరిని వదిలే అడవిలో గాలి చల్లగా ఉంటుంది, ఎదురుగాలి బలం కూడా తగ్గుతుంది. అదే మనిషి, అదే సైకిల్‌తో బయలు నేల మీద కంటే అడవి దారిలో ఎక్కువ దూరం వెళ్లగలగడానికి కారణం ఇదే.

సుదూర సైకిల్ యాత్రలకు ప్రపంచంలో శతాబ్దానికి మించిన చరిత్ర ఉంది. ఫ్రాన్సులో 1891లో మొదలైన పారిస్–బ్రెస్ట్–పారిస్ నేడు నాలుగేళ్లకు ఒకసారి జరిగే 1,200 కిలోమీటర్ల యాత్ర. 90 గంటల్లో పూర్తి చేయాలి. దానికి అర్హత కోసం 200, 300, 400, 600 కిలోమీటర్ల యాత్రలు మన దేశంలోనూ జరుగుతాయి. 200 కిలోమీటర్లకు పదమూడున్నర గంటల గడువు ఉంటుంది. ఇవి పందేలు కావు. మొదట వచ్చినవారికి బహుమతి ఉండదు, గడువులోగా చేరిన అందరూ సమానమే. అయినా వీటిలో గడియారం వెంటాడుతుంది. గీదం వంటిచోట ఆ గడియారాన్ని కూడా పక్కన పెట్టవచ్చు. గంటకు 15 కిలోమీటర్ల వేగంతో కదిలేవారికే ఇక్కడి విశేషాలు కనిపిస్తాయి.

తిరిగి రాని అడవి

హిందీ మాట్లాడేవారు బస్తర్‌ను సాలవనాల ద్వీపం అంటారు. సాల వృక్షం ఉత్తర, తూర్పు భారతంలో విస్తారంగా పెరుగుతుంది. దక్షిణం నుంచి, పడమటి నుంచి టేకు వనాలు వస్తాయి. ఈ రెండూ కలిసే సంధి ప్రదేశం బస్తర్. జగదల్‌పూర్ సమీపంలో 1982లో ఏర్పాటైన కాంగేర్ లోయ జాతీయ ఉద్యానంలో ఈ కలయిక స్పష్టంగా కనిపిస్తుంది. తెలంగాణ వైపు నుంచి వచ్చే యాత్రికుడికి చాలా దూరం టేకు, మద్ది, తునికి చెట్లే తోడుగా ఉంటాయి. గీదం దాటి తూర్పుగా పోయేకొద్దీ నిటారైన మానుతో, మెరిసే వెడల్పాటి ఆకుతో సాల చెట్లు చిక్కబడతాయి.

సాలకు ఒక ప్రత్యేకత ఉంది. వేసవిలో టేకు పూర్తిగా మోడువారుతుంది, సాల అలా కాదు. ఫిబ్రవరి, మార్చి నెలల్లో పాత ఆకు రాలుతుండగానే కొత్త చిగురు వస్తుంది. కనుక దాని కింద దారికి ఏడాది పొడవునా ఏదో మేరకు నీడ ఉంటుంది. ఈ ఆకులతోనే ఇక్కడి ఆదివాసీలు దొన్నెలు, విస్తర్లు కుడతారు. దాని బంక ధూపంగా వెలుగుతుంది, గింజల నుంచి నూనె తీస్తారు.

అయితే సాలవనాన్ని మళ్లీ పెంచడం చాలా కష్టం. రెక్కలున్న దాని విత్తనాలు తొలకరి నాటికి రాలుతాయి. రాలిన కొద్ది రోజుల్లోనే తడి నేల దొరికి మొలకెత్తాలి, లేదంటే మొలిచే శక్తిని కోల్పోతాయి. టేకు గింజల్లా వాటిని సంచుల్లో నిల్వ చేసి మరుసటి ఏడాది నారు పోయలేరు. మొలిచిన మొక్క కూడా ఏటా ఎండకు, మంటకు, పశువుల మేతకు పైభాగం చచ్చిపోయి, వేరు మాత్రం బతికి, మళ్లీ చిగురిస్తూ ఏళ్ల తరబడి నేలలోనే బలం కూడగట్టుకుంటుంది. ఆ తరువాతే మానుగా లేస్తుంది. సాల వందేళ్లు నిలబడుతుందని, పడిపోయాక మరో వందేళ్లు ఉంటుందని, పుచ్చిపోవడానికి ఇంకో వందేళ్లు పడుతుందని మధ్య భారతంలో పెద్దలు చెప్పుకునే మాట దాని కర్ర గట్టిదనాన్ని పొగుడుతుంది. అదే మాట దాని నిదానాన్నీ గుర్తు చేస్తుంది.

ఇంగ్లండులో 1600 సంవత్సరం నుంచి ఎడతెగకుండా నిలిచిన అడవిని ప్రాచీన అడవిగా గుర్తించి పటాల్లో చేరుస్తారు. ఒకసారి నరికితే కొత్త మొక్కలతో దాన్ని భర్తీ చేయలేమన్నది దాని వెనక ఉన్న ఆలోచన. బస్తర్ పల్లెల్లో ఇలాంటి గుర్తింపు పటం మీద కాక ఆచారంలో ఉంది. ఊరి దేవత కొలువైన దేవ్‌గుడి చుట్టూ ఉన్న చెట్లను నరకరు. తరతరాలుగా కదలని ఆ తోపులు దారి పక్కన నల్లటి నీడగా కనిపిస్తాయి. సైకిల్ ఆపి నీళ్లు తాగాలనిపించేది అక్కడే. కానీ ముందుగా ఊరివారిని అడగడం మర్యాద.

ఈ అడవి విలువ ఎంతటిదో 1970వ దశకంలో ఒకసారి పరీక్షకు వచ్చింది. కాగితపు పరిశ్రమకు గుజ్జు కోసం బస్తర్‌లో సుమారు 20,000 హెక్టార్ల సహజ సాలవనాన్ని తొలగించి ఉష్ణమండలపు పైన్ చెట్లు నాటాలని ప్రపంచ బ్యాంకు సాయంతో ఒక ప్రణాళిక వచ్చింది. సాల ఇచ్చే ఆకు, గింజ, బంక, పుట్టగొడుగులు పైన్ ఇవ్వదు. ఆదివాసీలు వ్యతిరేకించారు. పర్యావరణవాదులు గళం కలిపారు. 1980వ దశకం తొలినాళ్లలో ఆ ప్రణాళికను విరమించుకున్నారు. నేడు యాత్రికులు మెచ్చుకునే నీడలో ఆ నిరసనకూ వాటా ఉంది.

బార్సూర్ దారిలో తెలుగు అక్షరాలు

గీదం నుంచి బార్సూర్‌కు వెళ్లి తిరిగి రావడం సుమారు 40 కిలోమీటర్ల యాత్ర. అలవాటున్నవారికి మూడు గంటల తొక్కుడు, చూడవలసినవి చూస్తే ఒక రోజు. ఛిందక నాగవంశపు రాజుల కాలంలో బార్సూర్ ముఖ్య పట్టణం. ఒకప్పుడు ఇక్కడ 147 గుళ్లు, 147 చెరువులు ఉండేవని స్థానికులు చెప్పుకుంటారు. 32 స్తంభాలతో, రెండు గర్భగుడులతో ఉన్న బత్తీసా శివాలయం, ఎత్తైన శిఖరంతో మామా–భాంజా అని పిలిచే మేనమామ–మేనల్లుళ్ల గుడి, ఒకేచోట కొలువైన రెండు భారీ రాతి గణపతులు, చెరువు దగ్గరి చంద్రాదిత్య ఆలయం నేటికీ చూడవచ్చు.

తెలుగు పాఠకులకు ఈ చివరి ఆలయం ప్రత్యేకమైనది. శక సంవత్సరం 983, అంటే క్రీస్తుశకం 1060 నాటి బార్సూర్ శాసనం తెలుగులో ఉంది. జగదేకభూషణ బిరుదున్న నాగవంశపు రాజు ధారావర్షుని సామంతుడు చంద్రాదిత్యుడు ఇక్కడ శివాలయం కట్టించి, చెరువు తవ్వించాడని అది తెలుపుతుంది. కరికాలుని వంశానికి చెందినవారమని చెప్పుకున్న తెలుగు చోడ కుటుంబం అతనిది. బస్తర్ శాసనాలను పరిశీలించిన చరిత్రకారుడు హీరాలాల్ ఒక విశేషాన్ని గుర్తించారు. ఇంద్రావతికి ఉత్తరాన దొరికినవి ఎక్కువగా నాగరి లిపిలో, దక్షిణాన దొరికినవి ఎక్కువగా తెలుగులో ఉన్నాయి. నదికి ఆవల ఉన్న నారాయణపాల్ ఆలయంలోని 1111 నాటి శాసనం నాగరిలో ఉంది. అంటే ఒక నది రెండు లిపుల మధ్య సరిహద్దుగా నిలిచిందన్నమాట. బార్సూర్ దాటి కొద్ది దూరం పోతే ఇంద్రావతి ఏడు పాయలుగా చీలి బండల మధ్య ఉరికే సాత్‌ధార్ వస్తుంది. అక్కడి వంతెన మీద సైకిల్ ఆపినవారు ఆ పాత సరిహద్దు మీదనే నిలబడినట్లు.

గీదం నుంచి దక్షిణంగా సుమారు 12 కిలోమీటర్లు వెళితే దంతెవాడ. శంఖిని, డంకిని నదుల సంగమంలో దంతేశ్వరీ ఆలయం ఉంది. 1323లో ఓరుగల్లు పతనమైన తరువాత కాకతీయ ప్రతాపరుద్రుని సోదరుడిగా చెప్పే అన్నమదేవుడు ఇక్కడికి వచ్చి బస్తర్ రాజ్యాన్ని స్థాపించాడని రాజవంశ సంప్రదాయం. ఓరుగల్లుతో ఆ వంశానికి గల సంబంధాన్ని దంతెవాడలోని 1703 నాటి దిక్పాలదేవుని శాసనం కూడా పేర్కొంటుంది. ఏటా దసరా సమయంలో అమ్మవారి పల్లకి దంతెవాడ నుంచి గీదం మీదుగానే జగదల్‌పూర్‌కు బయలుదేరుతుంది. 75 రోజుల బస్తర్ దసరాలో అది ప్రధాన ఘట్టం.

ఈ దారుల పక్కన మరింత పాత గుర్తులూ ఉన్నాయి. జగదల్‌పూర్–గీదం మార్గంలోని దిల్‌మిలీలో, దంతెవాడ దాటాక గామావాడలో మృతుల జ్ఞాపకార్థం నిలిపిన పెద్ద రాళ్లను పురావస్తు శాఖ ఉరస్కల్ పేరుతో రక్షిత కట్టడాలుగా గుర్తించింది. గోండీలో కల్ అంటే రాయి. తెలుగులో ఓరుగల్లు, ఒరగల్లు వంటి మాటల్లో మిగిలినది కూడా అదే పాత ద్రావిడ పదం. కారులో గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వెళ్లేవారికి ఇవి పొలం గట్టు మీద రాళ్లు మాత్రమే. సైకిల్ వేగంలో మాత్రం ఒక్కో రాయి ఒక్కో మనిషిగా కనిపిస్తుంది.

ఇక్కడ సైకిల్ ఎవరిది

పట్టణాల నుంచి ఖరీదైన సైకిళ్లతో వచ్చేవారు గమనించవలసిన సంగతి ఒకటుంది. ఈ దారుల మీద అసలైన సైకిల్ ప్రయాణికులు స్థానికులే. వారపు సంతకు చింతపండు, ఇప్ప పువ్వు, తునికాకు, సార పలుకులు మోసుకొచ్చేది సైకిల్ మీదే. తిరుగు ప్రయాణంలో ఉప్పు, నూనె, బట్టలు ఇంటికి చేరేదీ దాని మీదే. ఉదయం, సాయంత్రం రోడ్డును నింపేది బడికి పోయే పిల్లలు.

ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం సరస్వతీ సైకిల్ యోజన పేరుతో తొమ్మిదో తరగతిలో చేరే పేద, ఆదివాసీ, దళిత కుటుంబాల బాలికలకు ఉచితంగా సైకిళ్లు ఇస్తోంది. ఊరిలో ఎనిమిదో తరగతి వరకే బడి ఉంటే, ఉన్నత పాఠశాల అయిదారు కిలోమీటర్ల దూరంలో ఉంటే, చదువు ఆగిపోయేది ఆడపిల్లలదే. ఇలాంటి పథకం ఫలితాన్ని బీహార్‌లో ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, నిశీథ్ ప్రకాశ్ అధ్యయనం చేశారు. ఉన్నత పాఠశాలలో చేరే బాలికల సంఖ్య 32 శాతం పెరిగిందని 2017లో ప్రచురించిన పత్రంలో తేల్చారు. పాఠశాల దూరంగా ఉన్న ఊళ్లలోనే ఫలితం ఎక్కువగా కనిపించింది.

అంటే నిశ్శబ్దమైన సన్నని రోడ్డు యాత్రికునికి ఆహ్లాదం, పద్నాలుగేళ్ల బాలికకు చదువు. ఆ రోడ్డు మీద లారీలు పెరిగిననాడు యాత్రికుడు మరో దారి వెతుక్కుంటాడు. ఆ బాలికకు మరో దారి లేదు.

భయంతో వచ్చిన నిశ్శబ్దం, శాంతితో వచ్చిన నిశ్శబ్దం

బస్తర్ రోడ్ల గురించి మాట్లాడుతూ గత నాలుగు దశాబ్దాల హింసను దాటవేయడం కుదరదు. 2003లో గీదం పోలీస్ స్టేషన్‌పైనే మావోయిస్టులు దాడి చేశారు. 2005లో మొదలైన సల్వాజుడుం కాలంలో ఊళ్లకు ఊళ్లు ఖాళీ అయ్యాయి. వేలాది ఆదివాసీలు అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం, పరిసర అడవుల్లోకి వలస వచ్చారు. 2011లో సుప్రీంకోర్టు ఆ ఉద్యమానికి సాయుధ మద్దతు ఇవ్వడం రాజ్యాంగ విరుద్ధమని తీర్పు చెప్పింది. 2023 ఏప్రిల్‌లో దంతెవాడ జిల్లా అరన్‌పూర్ దగ్గర రోడ్డు కింద పాతిన మందుపాతర పేలి పదిమంది పోలీసు సిబ్బంది, వారి వాహన డ్రైవరు మరణించారు. రోడ్డు అంటే ప్రభుత్వానికి ప్రవేశ మార్గం, మావోయిస్టులకు ముప్పు. అందుకే రోడ్లు తవ్వివేశారు, యంత్రాలు తగలబెట్టారు. ఆ రోజుల్లో దారులు నిశ్శబ్దంగా ఉండడానికి కారణం భయం.

2016లో కేంద్రం తీవ్రవాద ప్రభావిత ప్రాంతాల కోసం ప్రత్యేక రోడ్ల పథకాన్ని ఆమోదించింది. తొమ్మిది రాష్ట్రాల్లో, అత్యధిక ప్రభావమున్న 44 జిల్లాలు, వాటి పొరుగు జిల్లాల్లో సుమారు 5,400 కిలోమీటర్ల రోడ్లు దాని లక్ష్యం. అప్పటి నుంచి బస్తర్‌లో అనేక ఊళ్లకు తొలిసారి తారు రోడ్డు వచ్చింది. 2025 అక్టోబరు 17న జగదల్‌పూర్‌లో 210 మంది మావోయిస్టులు ఆయుధాలు విడిచి లొంగిపోయారు. మావోయిస్టు హింసను అంతం చేయడానికి కేంద్రం 2026 మార్చి 31ని గడువుగా ప్రకటించింది. ఇన్నేళ్ల తరువాత కొన్ని దారుల్లో నిశ్శబ్దానికి అర్థం మారుతోంది. పిల్లలు సైకిళ్ల మీద నవ్వుకుంటూ పోయే నిశ్శబ్దం అది.

అయితే శాంతి వచ్చినచోటికి వాహనాలూ వస్తాయి. బైలాడిలా గనుల ఖనిజం కోసం రైలు మార్గాన్ని రెండు వరుసలుగా మారుస్తున్నారు. రహదారులను విస్తరిస్తున్నారు. బార్సూర్ సమీపంలో ఇంద్రావతి మీద 1979లో శంకుస్థాపన జరిగి, అడవుల ముంపు, నిర్వాసితుల ప్రశ్నల వల్ల దశాబ్దాలుగా ఆగిపోయిన బోధ్‌ఘాట్ ప్రాజెక్టు మళ్లీ చర్చకు వచ్చింది. ఆసుపత్రికి, బడికి, సంతకు రోడ్డు కావాలన్నది పల్లెవాసుల న్యాయమైన కోరిక. దాన్ని కాదనే హక్కు వినోదం కోసం వచ్చేవారికి లేదు. వివాదం రోడ్డు ఉండాలా వద్దా అన్నది కాదు, ఎంత వెడల్పున ఉండాలన్నదే.

ఊరికి అంబులెన్సు, బస్సు రావడానికి 3.75 మీటర్ల తారు, అక్కడక్కడా వాహనాలు తప్పుకునే జాగా సరిపోతాయి. అదే దారిని లారీల కోసం 7 మీటర్లకు పెంచితే రెండు పక్కల సాల చెట్లు పోతాయి. వాటి స్థానంలో నాటే మొక్కలు నీడ ఇవ్వడానికి దశాబ్దాలు పడుతుంది, పాత సాలవనం మాత్రం తిరిగి రాదు. భారీ వాహనాలను ప్రధాన రహదారికే పరిమితం చేసి, పల్లె దారులను ప్రస్తుత వెడల్పులోనే చక్కగా నిర్వహిస్తే రోడ్డూ అడవీ రెండూ నిలుస్తాయి. 2006 నాటి అటవీ హక్కుల చట్టం సామూహిక అడవులపై గ్రామసభలకు హక్కులు ఇచ్చింది. ఈ నిర్ణయాల్లో వారి మాటకు స్థానం ఉండాలన్నది ఆ చట్టం సారాంశం.

వెళ్లేవారికి కొన్ని సూచనలు

అక్టోబరు చివరి నుంచి ఫిబ్రవరి వరకు అనుకూల కాలం. ఉదయపు చలి, పొగమంచు ఉంటాయి కనుక ముందు, వెనక దీపాలు వెలిగించుకోవాలి. మార్చి, ఏప్రిల్ నెలల్లో ఇప్ప పువ్వు రాలే వేళ అడవి అందంగా ఉన్నా, మధ్యాహ్నపు ఎండ, అడవి మంటల పొగ ఇబ్బంది పెడతాయి. జూన్ మధ్య నుంచి సెప్టెంబరు వరకు వాగులు పొంగుతాయి. చిన్న వంతెనల మీద నీరు పారుతుంటే దాటరాదు.

పల్లె రోడ్ల అంచులు విరిగి, కంకర తేలి ఉంటాయి. పందెపు సైకిళ్ల సన్నని టైర్ల కంటే 32 మిల్లీమీటర్లు లేదా అంతకు మించిన వెడల్పున్న టైర్లు మేలు. ముళ్లకు పంక్చర్లు సహజం. రెండు అదనపు ట్యూబులు, గాలి పంపు, అతుకుల సామగ్రి వెంట ఉండాలి. గేర్ల సైకిల్ విడిభాగాలు ఇక్కడ దొరకడం కష్టం. దిగుడు దారిలో బ్రేకులను ఎడతెగకుండా నొక్కి పట్టకుండా, రెండింటినీ కలిపి విడతలుగా వాడాలి. తడిసిన సాల ఆకులు తారు మీద జారుడుగా ఉంటాయి. మలుపుల్లో పశువులు ఉంటాయనే అనుకొని నడపాలి.

భద్రత విషయంలో తొందరపాటు తగదు. బయలుదేరే ముందు స్థానిక పోలీసులను సంప్రదించి, ఏ దారులు తెరిచి ఉన్నాయో తెలుసుకోవాలి. తారు రోడ్డు విడిచి అడవి కాలిబాటల్లోకి వెళ్లకూడదు, పాత మందుపాతరల ప్రమాదం పూర్తిగా తొలగిపోలేదు. చీకటి పడకముందే గీదం లేదా దంతెవాడ చేరాలి. మనుషులను, దేవ్‌గుడులను, స్మృతి శిలలను అడగకుండా ఫోటో తీయరాదు. హల్బీ, గోండీ ఇక్కడి ప్రధాన భాషలు, హిందీ చాలామందికి వస్తుంది. దక్షిణాన కోంటా, భోపాల్‌పట్నం వైపు తెలుగు మాట కూడా వినిపిస్తుంది.

అన్నింటికంటే ముఖ్యమైనది వేగం. ఈ దారులను ఎంత త్వరగా పూర్తి చేశామన్నది లెక్కకు రాదు. వెయ్యేళ్ల క్రితం తెలుగు శాసనం చెక్కించిన సామంతుడు, మొలకగా ఏళ్ల తరబడి నేలలో ఓపిక పట్టిన సాల, బడికి పోతూ గంట మోగించే బాలిక ఒకే సన్నని రోడ్డు పక్కన ఎదురవుతారు. ఆ రోడ్డు అలాగే సన్నగా మిగిలినంత కాలం వారిని కలుసుకునే వీలుంటుంది.